సగం పాతది, సగం కొత్తది

సైకిల్ షాపు. శుక్రవారం పొద్దున. సైకిల్‌కి ఒక పక్క షాపు నడిపే బావ, ఇంకో పక్క ఉత్తరాలు పంచే బావమరిది.

“పైకి.”

“ఏంటిరా పైకి?”

“సీటు బావా. పైకి లేచింది.”

“మళ్ళీ చూడు.”

“రెండుసార్లు చూశా. నిన్న సాయంత్రం మనిద్దరం ఇక్కడే నిలబడి సీటు గొట్టం మీద తెల్ల పెయింటుతో గీత పెట్టామా లేదా?”

“పెట్టాం.”

“గీత ఫ్రేము అంచుకి ఆనుకుని ఉందా లేదా?”

“ఉంది.”

“ఇప్పుడు చూడు. గీతకీ అంచుకీ మధ్య నా వేలు పడుతోంది. మొన్న కిందికి దిగింది. అటుమొన్న కిందికి దిగింది. జారుతోందన్నావు. సరే అన్నా. ఫ్రేమేమో మా నాన్న కాలంది, గొట్టమేమో పోయిన వారం కొన్నది, ఒకదానికొకటి నప్పలేదన్నావు. సరే అన్నా. కూల్‌డ్రింకు డబ్బా కోసి మధ్యలో రేకు చుట్టావు, బోల్టు మార్చావు. అంతా బానే ఉంది. కానీ జారేది కిందికి జారుతుంది గానీ, పైకి జారుతుందా ఎక్కడైనా?”

“ఆ స్పానరు ఇటివ్వు.”

“స్పానరు సంగతి తర్వాత. దీన్ని ఎవరో ముట్టుకున్నారు.”

“ఎవరు ముట్టుకుంటారు? షట్టరు తాళం నా జేబులో ఉంది.”

“వెనక తలుపు?”

“వెనక తలుపు ఇంట్లోకి. ఇంట్లో ఉండేది నేనూ, మీ అక్కా.”

“అక్కకి దీంతో ఏం పని? అయితే ఆ కొత్త సైకిళ్ళ షోరూమాయనే. సందేహం లేదు. ఎవణ్ణో పంపి రోజూ సీటు కదిలిస్తున్నాడు. ఆదివారం గుట్ట పందెంలో నేను బోర్లా పడాలని.”

“నిన్ను ఓడించడానికి ఆయన అంత కష్టపడాలిరా?”

“అంటే?”

“ఏం లేదు. చెయిను తిప్పు.”

“అంటే ఏంటో చెప్పు బావా.”

“నిన్న గుట్ట ఎంతలో ఎక్కావు?”

“గాలి ఎదురుగా ఉంది.”

“ఎంతలో?”

“పదిహేడు నిమిషాలు. చిల్లర.”

“చిల్లరెంత?”

“యాభై సెకన్లు. అంటే దాదాపు...”

“పద్దెనిమిది.”

“దాదాపు పద్దెనిమిది అను. పద్దెనిమిది అనకు.”

“షోరూము తరఫున తొక్కే కుర్రాడిది?”

“పదిహేను నిమిషాల ఇరవై సెకన్లు. షోరూము అద్దానికి అంటించి పెట్టారుగా, ఒక్కో అంకె నా తలకాయంత! ఆ వీధిలో ఉత్తరాలు వేసేది నేనే. రోజూ తల దించుకుని వెళ్ళొస్తున్నా. నీకేమో చీమ కుట్టినట్టైనా లేదు. టీకొట్టు దగ్గర పదిమందిలో నిలబడి అన్నది నువ్వు, నేను కాదు.”

“ఏమన్నాను?”

“ఏమన్నానంటావేంటి! ఆయన ఈ ఫ్రేము చూసి ‘పాత ఇనుము’ అన్నాడు. వెంటనే నీకు రోషం పొడుచుకొచ్చింది. ‘ఈ పాత ఇనుముకే కొత్త చక్రాలు, కొత్త గేర్లు బిగిస్తా. ఆదివారం పందెంలో మీ సైకిల్ కంటే ముందు గుట్టెక్కిస్తా. ఎక్కలేదా, బోర్డు దించేసి మీ షోరూములో పనికొస్తా’ అన్నావు. మా నాన్న పేరున్న బోర్డు బావా! ముప్పై అయిదేళ్ళ బోర్డు!”

“అన్నాను.”

“భయంగా లేదా?”

“ఆ గుడ్డ ఇటివ్వు. చేతులకి గ్రీజైంది.”

“స్పానరివ్వు, గుడ్డివ్వు. అడిగినదానికి మాత్రం జవాబివ్వవు.”

“ఒరే, ఒక్క నిమిషం గొడవ ఆపి ఈ వెనక చక్రం తిప్పు. తిప్పు, తిప్పు. ఏమైనా ఊగుతోందా?”

“లేదు.”

“చప్పుడు?”

“చప్పుడూ లేదు.”

“ఇది ఇప్పటి చక్రం. పాతవాటికంటే ఇరుసు నాలుగు మిల్లీమీటర్లు పొడుగు. మీ నాన్న ఫ్రేములో పట్టదు. ఏం చేశానో తెలుసా? ఫ్రేము వెనక కాళ్ళ మధ్య పొడుగు మర బోల్టు పెట్టి, మూడు రోజులు, రోజుకింత చొప్పున తెరిచా. ఒక్కసారిగా తెరిస్తే అతుకు దగ్గర చిట్లుతుంది. ఈ చివర్నుంచి ఆ చివరికి దారం కట్టి, ఇటెంతో అటంతే వచ్చేదాకా చూసుకున్నా. వెంట్రుకవాసి తేడా లేదు. పెడల్స్ పాతవి. లోపలి బేరింగు గుళ్ళు మాత్రం కొత్తవి పోశా. హ్యాండిలు పాత సామాను కొట్లో చెత్త కింద దొరికింది. తోమితే అద్దంలా వచ్చింది. ముందు బ్రేకు కొత్తది, వెనక బ్రేకు మీ నాన్నదే. అది పట్టుకున్నట్టు కొత్తది పట్టుకోదు.”

“నీ ముఖం చూసుకోవాలి బావా, ఇది చెప్పేటప్పుడు.”

“ఏమైంది ముఖానికి?”

“నీ పెళ్ళి ఫొటోల్లో కూడా ఇంత వెలుగు లేదు.”

“ఎవరి పెళ్ళి ఫొటోలు? పొద్దున్నే ఏం ముచ్చట్లివి? టీ తీసుకోండి ఇద్దరూ.”

“రా అక్కా, మంచి టైముకొచ్చావు. షాపులో దొంగ పడ్డాడు.”

“అయ్యో! ఏం పోయింది?”

“ఏం పోలేదు. సీటు వేలెడు పైకొచ్చింది.”

“పైకా? కిందికి కదా ఉండ... పైకొచ్చిందా?”

“కిందికి ఉండాలని నీకెవరు చెప్పారు?”

“ఇంకెవరు, మీరే. వారం నుంచి అన్నం దగ్గర కూడా ఇదే గోలగా! జారింది, జారింది, జారింది.”

“జారలేదక్కా. నాకు ఇప్పుడర్థమైంది. ఆ దొంగ పొట్టోడు. వస్తున్నాడు, సీటు దించుకుంటున్నాడు, ఎక్కడికో తొక్కుతున్నాడు. పోయేటప్పుడు ఉజ్జాయింపుగా పైకి లాగేసి పోతున్నాడు. ఒకరోజు తక్కువ లాగాడు, ఇవాళ ఎక్కువ లాగాడు. పొట్టోడు, పైగా మతిమరుపోడు.”

“మతిమరుపేం కాదు. స్టవ్ మీద పాలుండి ఉంటాయి. హడావిడిలో కొలుచుకుంటూ కూర్చుంటారా ఎవరైనా?”

“దొంగకి స్టవ్వేంటక్కా?”

“దొంగలకి మాత్రం ఇల్లూ వాకిలీ ఉండవా? తాగరా, చల్లారిపోతుంది.”

“బావా, నువ్వేమంటావు?”

“నేనేమనడం లేదు. వింటున్నా.”

“వినడం కాదు, పోలీసు రిపోర్టివ్వు.”

“ఏమని? సీటు పెరిగిందనా?”

“అబ్బా, దొంగ సంగతి వదిలేయండిరా! ఏమండీ, మీరు ముందు ఆ నాలుగో గేరు చూడండి. రెండో మలుపు దగ్గర బలంగా తొక్కితే చెయిను టక్కున జారుతోంది.”

“జారుతోందా? ఏరా, నాకు చెప్పలేదేం?”

“నాకెప్పుడూ జారలేదు బావా.”

“రెండో మలుపులో నువ్వు ఏ గేరులో ఉంటావు?”

“రెండో మలుపులోనా? రెండో మలుపులో నేను... దిగి నడుస్తా.”

“ఏంటీ!”

“కాసేపే! ఆ కరెంటు స్తంభం దాకానే!”

“పందెం సైకిల్ దిగి నడుస్తావా నువ్వు?”

“నన్ను తర్వాత తిట్టు బావా. నేను నడిస్తే, నాలుగో గేరులో రెండో మలుపు ఎక్కిందెవరు?”

“అదే నేనూ అడుగుతున్నా. ఏమోయ్, నిన్నే.”

“గ్లాసులిస్తే కడుక్కుంటా.”

“ఇంకా తాగలేదు. చెప్పు.”

“ఏం చెప్పమంటారు?”

“అక్కా, నువ్వా? అక్కా!”

“అరవకురా, వీధంతా వింటుంది. నేనే. అయితే ఏంటిప్పుడు? తినేశానా దాన్ని?”

“ఎన్నాళ్ళనుంచి?”

“తొమ్మిది రోజులు. ఇవాళ్టితో.”

“నేను నిద్రలేచే లోపలా?”

“మీరు లేచేటప్పటికి నేనొచ్చి స్టవ్ ముందు నిలబడి ఉంటాగా. మొదటి రోజు ఊరికే ఎలా ఉందో చూద్దామని ఈ వీధి చివరిదాకా వెళ్ళా. అది ఆగితేగా! మెత్తగా, నూనె పోసినట్టు పోతూనే ఉంది. ఎక్కడికి పోతుందో చూద్దామని అలాగే కూర్చున్నా. చూస్తే గుట్ట మొదట్లో ఉన్నా.”

“ఏం బట్టల్లో తొక్కావక్కా?”

“నడుం వదులు చేయమని నువ్విచ్చిన యూనిఫాం ప్యాంటు లేదూ?”

“దానికోసం నేను వారం నుంచి...! బట్ట దొరకలేదన్నావు, దారం దొరకలేదన్నావు!”

“ఆదివారం అయ్యాక కుడతాలే. నాకు సరిపోయింది. కింద రెండు మడతలు పెట్టుకున్నా, అంతే.”

“ప్యాంటు సంగతి ఆపండి. గుట్ట పైదాకా ఎక్కావా?”

“ఆ.”

“ఎంతలో?”

“నేనేం పందానికి తొక్కలేదండీ.”

“ఎంతలో?”

“ఎవరు చూశారు?”

“నువ్వు చూశావు. చేతికి వాచీ పెట్టుకుని ఇంట్లో ఎన్నడూ తిరగనిదానివి, వారం నుంచి తీయడం లేదు.”

“... పద్నాలుగు.”

“చిల్లర?”

“చిల్లరేం లేదు. పద్నాలుగంటే పద్నాలుగే.”

“బావా! బావా, విన్నావా? పద్నాలుగు! షోరూము కుర్రాడికంటే నిమిషం పైన! అదీ చెయిను జారుతూ! అదీ నా ప్యాంటులో!”

“అరవకురా అన్నానా?”

“అరుస్తా! మైకు పెట్టి అరుస్తా! పేర్లివ్వడానికి రేపటిదాకా టైముంది. షరతు సైకిల్ గురించే గానీ ఎవరు తొక్కాలని ఎవరూ అనలేదు. నా పేరు కొట్టేయించి నీ పేరు రాయిస్తా. ఇప్పుడే వెళ్తా. ఉత్తరాలు ఒక గంట ఆలస్యమైతే ఎవరి కొంపా మునగదు.”

“నీకు బాధగా లేదారా? ఇన్నాళ్ళూ తొక్కింది నువ్వు.”

“బాధా! అక్కా, నా తొడలు ఎలా ఉన్నాయో నీకు తెలియదు. మెట్లు దిగాలంటే వెనక్కి తిరిగి దిగుతున్నా. నువ్వసలు ఇంత బాగా ఎప్పుడు నేర్చావు?”

“నేర్చుకోవడమేంటి? మర్చిపోయావా? నాన్న రిపేరు చేసిన ప్రతి సైకిలూ ఒక చుట్టు నేనే తొక్కి చూడాలి. నేను బాగుందంటేనే ఇచ్చేవాడు. నిన్ను పంపితే బండితో సహా కాలవలోంచి తీయాల్సి వచ్చేది.”

“ఒక్కసారే పడ్డా.”

“మూడుసార్లు. పదో తరగతి నుంచి పెళ్ళిదాకా రోజుకి నాలుగైదు బళ్ళు తొక్కేదాన్ని.”

“మరి నాకెప్పుడూ చెప్పలేదే?”

“మీరెప్పుడు అడిగారు? మీరు ఈ కొట్లోకొచ్చారు, మీ పని మీరే తొక్కి చూసుకునేవారు. నేను వెనక తలుపు వేసుకుని లోపలికెళ్ళా. అంతే. దానికి పెద్ద కథేం లేదు.”

“ఇరవై రెండేళ్ళు.”

“ఇరవై మూడు. టీ తాగండి.”

“బావా, అలా కూలబడ్డావేంటి? లే! బోర్డు దక్కింది! ఒక్క నవ్వు నవ్వు!”

“నవ్వుతున్నాగా.”

“దాన్ని నవ్వంటారా? అక్కా, చూడు. పంటినొప్పి వచ్చినవాడిలా ఉన్నాడు.”

“ఏమండీ, నేను చెప్పకుండా తొక్కాననా?”

“కాదు.”

“మరి?”

“ఏం లేదు. ఆ నాలుగో గేరు చూస్తా, ఉండు.”

“గేరు ఎక్కడికీ పోదు. ఇటు చూడండి. గెలుస్తామంటే మీ ముఖం ఎందుకు మాడిపోయింది?”

“చూస్తానుండవే. ఈ చిన్న స్క్రూ అర చుట్టు...”

“స్క్రూ వదలండి. వదిలారా? ఇప్పుడు చెప్పండి.”

“ఆ పందెం నేను ఓడిపోదామనే కాశాను.”

“ఏంటి బావా?”

“ఓడిపోదామనే కాశానురా. షోరూమాయన నెల కిందటే పిలిచాడు. నిలబడి చేసే పని. సైకిల్ని ఎత్తి పెట్టే స్టాండు ఉంటుంది, పెద్ద లైటు ఉంటుంది. నేలమీద గొంతుక్కూర్చోనక్కర్లేదు. నా మోకాళ్ళు అయిపోయాయి. కూర్చుంటే లేవలేను, లేస్తే కూర్చోలేను. ఈ చక్రం పుల్లలు బిగించడానికి ఎండ ఎటుంటే అటు జరుపుకుంటూ తిరిగా. కళ్ళు ఆనడం లేదు. వస్తానని ఆయనతో అనాలనుంది. అనలేకపోయా.”

“ఎందుకని?”

“మీ నాన్న ఈ కొట్టు తాళం నా చేతిలో పెట్టాడు. కొడుకు ఉండగా అల్లుడి చేతిలో పెట్టాడు. నా అంతట నేను మూసేస్తానని మీ ఇద్దరి ముందూ ఏ నోటితో అనను? పందెంలో ఓడిపోయాననుకో. మాట ప్రకారం దించినట్టవుతుంది. ఎవరూ ఏమీ అనరు.”

“ఆగు, ఆగు. అందుకా నన్ను తొక్కమన్నావు? ఊళ్ళో ఇంతమంది కుర్రాళ్ళుండగా?”

“నువ్వు మంచివాడివిరా.”

“మంచివాడిననా తొక్కమన్నావు? నడుస్తాననా తొక్కమన్నావు?”

“నడుస్తావని నాకు తెలియదు. ఆయాసపడతావని తెలుసు.”

“హయ్యో! రోజూ పొద్దున్నే గుడ్లు తాగుతున్నా బావా నేను! పచ్చివి!”

“నువ్వుండరా కాసేపు. ఏమండీ, ఓడిపోవాలనుకున్నవాళ్ళు బండి ఇలా కడతారా? మూడు రోజులు దారం కట్టి కొలుస్తారా?”

“అదే వచ్చింది తంటా. స్టీలు ఫ్రేము, వాళ్ళ బండికి రెండింతల బరువు, ఎలాగూ ఓడుతుందిలే, ఏదో ఒకటి బిగించి ఇచ్చేద్దామనే మొదలెట్టా. చెయ్యి మాట వినలేదు. ఒక బోల్టు వదులుగా వదిలి పడుకున్నా, నిద్ర పట్టలేదు. లేచొచ్చి బిగించి పడుకున్నా. పాడుగా కట్టడం నాకు రాదే. ఏం చెయ్యమంటావు?”

“నాకు కోపం వస్తోంది.”

“వస్తుంది. మీ నాన్న కొట్టు కదా.”

“కొట్టు గురించి కాదు! మీ మోకాళ్ళకి రోజూ మందు రాసేది ఎవరు? పక్కింటావిడా? నెల రోజులు కడుపులో పెట్టుకుని ఊళ్ళో వాళ్ళతో పందెం కాస్తారా? నాతో అనడానికి నోరు రాలేదా? నేనెప్పుడైనా మూయొద్దన్నానా?”

“మూయమనీ అనలేదుగా.”

“మీకు ఈ కొట్టే ప్రాణమనుకున్నా. రోజూ మీరు గోడ పట్టుకుని లేస్తుంటే చూడలేకపోయేదాన్ని. అయినా మూసేద్దామంటే మీరేమైపోతారోనని నోరు మూసుకున్నా.”

“అక్కా, నేనూ ఒకటి చెప్పనా? కొట్టు మూస్తే నాకేం కాదు. మీరిద్దరూ బాధపడతారని, నాన్న బోర్డు, నాన్న బోర్డు అని నేను గోల చేస్తున్నా.”

“బాగుంది! ముగ్గురికీ అక్కర్లేని కొట్టు కోసం వీడు పచ్చి గుడ్లు తాగుతున్నాడు.”

“మరైతే ఆదివారం సంగతేంటి? పేరు రాయించనా, వద్దా?”

“వద్దురా. ఎలా ఉన్నది అలాగే ఉండనీ. నువ్వే తొక్కు. నిదానంగా.”

“రాయించు.”

“వద్దన్నానుగా. నువ్వు తొక్కితే గెలుస్తావే.”

“గెలుస్తా.”

“గెలిస్తే? బోర్డు దించక్కర్లేదు. మళ్ళీ ఇదే నేల, ఇదే గొంతుక్కూర్చోవడం. ఊరంతా వచ్చి భుజం తట్టి వెళ్తుంది. అప్పుడెలా మూస్తాను?”

“అప్పుడే మూయాలి. ఓడినవాణ్ణి జాలిపడి పనిలో పెట్టుకున్నానని ఆయన పదిమందికీ చెప్పుకోకూడదు. సోమవారం మీరు తల ఎత్తుకుని ఆ షోరూము మెట్లెక్కాలి, ఆయన ఎదురొచ్చి తలుపు తీయాలి. బోర్డు సంగతి నాకొదిలేయండి, స్టూలేసుకుని నా చేత్తో నేనే దించుతా.”

“అది కాదే, నేననేది...”

“ఓడిపోయి ఎందుకండీ మూయడం? గెలిచి మూద్దాం.”